అశ్వశిక్షయందలి అంగసమాహారము

గుఱ్ఱమును స్వారికి శిక్షించు విద్యయందుఁ బాశ్చాత్యులు పరమావధిగా నెంచు స్థితి యొకటి కలదు. దానిని ఫ్రెంచివారు 'రసాంబ్లే' యనియు, జర్మనులు 'ఫెర్జామ్లుంగ్' అనియు, ఆంగ్లేయులు 'కలెక్షన్' అనియు వ్యవహరింతురు. మూఁడింటికిని అర్థ మొక్కటియే: చెదరియున్నదాని నొకచోటికిఁ జేర్చుట. తెలుఁగున దీనికి సమాహార మను పదము తగియుండును. ప్రాణుల యవయవములను, తూర్యములయు సేనలయు నంగములను దెలుపు పదములు ద్వంద్వసమాసమునఁ గూడినపుడు ఏకవచనాంతము లగునని పాణిని విధించెను. చేతులును కాళ్లును వేఱువేఱు వస్తువులయ్యును 'పాణిపాదము' అనినంతనే యొక్క వస్తువుగాఁ దోఁచును. అట్లే నాలుగు కాళ్లును, నడుమును, మెడయు, తలయు దేని త్రోవ నది పోక, యొక్క చేష్టయం దేకీభవించినపుడు గుఱ్ఱము సమాహృత మైనదని యశ్వశిక్షకుల మతము.

పదార్థమునందు వివాదము లేదు. ఈ కూడిక యే యంగమునుండి యారంభించు ననుటయందే వివాదము. సమాహృతమైన గుఱ్ఱము మెడను వంపుగా నెత్తి, మోమును ఇంచుమించు నిలువుగా దింపి నడచును. చూపఱులకు మొదటఁ గానవచ్చున దీ మెడవంపే. కావున మెడను వంచినచో గుఱ్ఱము సమాహృత మగునని తలఁచినవారు పెక్కుశతాబ్దములనుండి కలరు. మెడవంపు ఫలమే కాని కారణము గాదనియు, కారణము వెనుకకాళ్లయందుఁ గలదనియుఁ జెప్పినవారును అంతకాలమునుండియే కలరు. ఈ రెండు మతముల పోరాటమే పాశ్చాత్యుల యశ్వశిక్షాచరిత్రమునఁ బ్రధానభాగము. లక్షణమును గారణమని భ్రమించుటచే గ్రంథమునకుఁ గలుగు హాని స్వల్పము. మాటలాడలేని జంతువునకుఁ గలుగు హాని మాత్రము స్వల్పము గాదు.

ముందుగా దేహనిర్మాణమును విచారింపవలెను. నిలిచియున్న గుఱ్ఱపు బరువున నూటికి సుమారు 58 వంతులు ముందుకాళ్లమీఁదనే పడును. తలయు మెడయు ముందునకుఁ జాఁగియుండుట యిందులకుఁ గారణము. రౌతు మూపునకు వెనుకనే కూర్చుండుటచే వాని బరువున నధికభాగమును ముందుకాళ్లకే చేరును. పచ్చికబయలున స్వేచ్ఛగా మేయు గుఱ్ఱమున కిది దోషము గాదు. రౌతును మోయుచు, వాఁడు కోరినచోట నాఁగి, కోరినదిక్కునకుఁ దత్క్షణమే తిరుగవలసిన గుఱ్ఱమునకు మాత్ర మిది పెద్దబాధకము.

వెనుకకాళ్ల నిర్మాణము వేఱు. వెనుకకాలినడుమ వెనుకవైపునకుఁ బొడుచుకొని కనఁబడు కీలును జనులు మోఁకాలని తలంతురు. అది యథార్థముగా మడమ. మోఁకాలు దానికిఁ బైని, డొక్కచెంత నుండును. దానికిని బైని తుంటికీలు. ఈ మూఁడు కీళ్లును బరువును మోయుచు విల్లువలె వంగినపుడు పిఱుదు క్రిందికి దిగును, మూపు పైకి లేచును. మూపు లేచినపుడు మెడ దానంతటన యెత్తుగా నిలుచును. మెడ నిలిచినపుడు తల, చెవుల వెనుకటి కీలునొద్ద, సుళువుగా వ్రాలును. వెనుకనుండి ముందునకు వచ్చు నీ క్రమమే సమాహారక్రమము. దీనిని విపర్యయముగాఁ బ్రారంభించి, రౌతు కళ్ళెమును లాగి మోమును ఱొమ్మువైపునకుఁ దెచ్చినచో మెడ నడుమ విఱిగినట్లగును, వీఁపు క్రుంగును, వెనుకకాళ్లు వెనుకనే యుండిపోవును. దూరమునుండి చూచువానికి రెండు గుఱ్ఱములును నొకటే. మోయు గుఱ్ఱము మాత్ర మా భేదము నెఱుఁగును.

ఈ విషయమునఁ బ్రమాణమని చెప్పఁదగిన ప్రాచీనగ్రంథము గ్రీకుదేశమునఁ బుట్టినది. సోక్రటీసు శిష్యుఁడును, సేనానియు నైన క్సెనొఫోను క్రీస్తునకుఁ బూర్వము 4వ శతాబ్దమున నశ్వారోహణమునుగూర్చి చిన్న గ్రంథమును రచించెను. నాఁటి గ్రీకులకు జీను లేదు, అంకవన్నెలు లేవు. రౌతు తొడలబలమునఁ గూర్చుండవలసినదే. అట్టి కాలమునందే క్సెనొఫోను, నడుము పొట్టిగాను దృఢముగాను నున్న గుఱ్ఱము వెనుకకాళ్లను దేహము క్రిందికిఁ జేర్చుకొనఁగలదనియు, అట్లు చేర్చుకొనినపుడు కళ్ళెముతో నించుక నాఁపినచో మడమకీళ్లమీఁద వంగి ముందుదేహమును బైకెత్తుననియు వివరించెను. వెనుకకాళ్ల చేరిక ముందు, కళ్ళెపు స్పర్శ తరువాత. ఈ పౌర్వాపర్యము ముఖ్యము. నోటిని బలముగా లాగి, కొరడాతోఁ గొట్టి గుఱ్ఱమును సొగసుగా నడిపింపఁ జూచువారు కోరినదానికి విరుద్ధఫలమును బొందుదురని యాతఁడు హెచ్చరించెను. బలాత్కారమునఁ జేయించిన పని గుఱ్ఱమునకు నర్థము గాదనియు, కొట్టుచు నాడించిన నర్తకునాటవలె సొగసులేక యుండుననియుఁ దనకుఁ బూర్వుఁడైన సైమను మతము నుదాహరించెను.

పదునాఱవ శతాబ్దమున నీవిద్య ఇటలీదేశమందలి నేపుల్సునగరమున మఱలఁ దలయెత్తెను. ఫెదరీకో గ్రిజోనె యను నాతఁడు 1550 లోఁ బ్రకటించిన గ్రంథము యూరపుఖండమున మిక్కిలి వ్యాపించెను. యుద్ధమునకుఁ బనికివచ్చు గుఱ్ఱము పిఱుదుమీఁద బరువు నిలిపి, క్షణములోఁ దిరుగఁగలుగవలె ననునది యాకాలమువారి లక్ష్యము. లక్ష్యము సమంజసమే. దానికిఁ బన్నిన యుపాయములు కఠినములు. నిడుపైన కాఁడలుగల కళ్ళెములు, ములుకులు, దండనములు నాసంప్రదాయమున నధికము. మొండికెత్తిన గుఱ్ఱమును గదలించుటకుఁ బిల్లిని కఱ్ఱకుఁ గట్టి వెనుకకాళ్లచెంతకుఁ జేర్చు విధానమును గ్రిజోనె గ్రంథమునఁ గలదు. వెనుకకాళ్లను జేర్చుకొనవలసినది గుఱ్ఱమే యనియు, రౌతు దానిని బ్రేరేపింపఁగలఁడే కాని లాగి తీసికొనిరాలేఁడనియు నాసంప్రదాయము చక్కఁగా గుర్తింపలేదు.

నేపుల్సునందు జొవాన్నీ పిన్యతెల్లీ యొద్ద నభ్యసించిన ఫ్రెంచివాఁడు ఆంత్వాన్ ద ప్లువినెల్ ఈ కాఠిన్యమును దగ్గించెను. ఈతఁడు ఫ్రాన్సురాజైన 13వ లూయీకి నశ్వారోహణగురువు. ఈతఁడు 1620 లో మరణింపఁగా గ్రంథము 1623 లో వెలువడెను. గుఱ్ఱపు బుద్ధిని మెప్పింపవలెఁ గాని దేహమును హింసింపరాదని యీతని సిద్ధాంతము. గుఱ్ఱమును రెండు స్తంభముల నడుమ నిలిపి, ముందునకుఁ బోనీయక, వెనుకకాళ్లను మడిచి యడుగులు వేయు నభ్యాసమును నేర్పు పద్ధతిని ఈతఁడు వ్యాపింపఁజేసెను. ప్రవాసియై ఆంట్‌వర్పునగరమున వసించిన న్యూకాసిలు ప్రభువు విలియం కావెండిష్ 1658 లోఁ దన గ్రంథమును బ్రకటించెను. ఆతఁడు గుఱ్ఱమును వలయమున నడిపించుచు, ముక్కుపట్టెకుఁ గట్టిన త్రాటితోఁ దలను లోపలికి వంచి, భుజముల బిగువును సడలించుటకు యత్నించెను. ఉపాయమున యుక్తి కలదు గాని వలయమున నెడతెగక తిరుగు గుఱ్ఱపు బరువు మఱల ముందుభుజములమీఁదికే యొరగును.

ఈ చిక్కును విప్పినవాఁడు ఫ్రాన్స్వా రొబిషోఁ ద ల గెరినియేర్. 1688 లోఁ బుట్టి 1751 లో మరణించిన యీతఁడు పారిసునందలి ట్వీలరీ శిక్షాశాల కధికారిగా నుండెను. 1733 నాఁటి 'ఎకోల్ ద కవల్రీ' యను నీతని గ్రంథము పాశ్చాత్యాశ్వశిక్షకు సూత్రగ్రంథమువంటిది. న్యూకాసిలు వలయమునఁ జేయించినదాని నీతఁడు గోడవెంట సరళరేఖకుఁ దెచ్చెను. గుఱ్ఱము గోడవెంట నడచుచుండఁగా భుజములను మాత్రము శాల లోపలికిఁ దెచ్చి, పిఱుదును గోడచెంతనే నిలిపి, ఏటవాలుగా నడిపించుట యీపద్ధతి. 'భుజము లోపలికి' అనియే దీనికిఁ బేరు. భుజము లోపలికి వచ్చినపుడు లోపలివైపు వెనుకకాలు పొట్టక్రిందికి వచ్చి బరువునకు సరిగాఁ గ్రిందుగా నానవలసివచ్చును. ఆనినపుడు కీళ్లు వంగక తప్పదు. కీళ్లు వంగినపుడు తుంటి దిగక తప్పదు. పేరు భుజమునకు, పని వెనుకకాలికి. లాగుటచే నెన్నఁడును సాధ్యము గానిదానిని ల గెరినియేర్ గుఱ్ఱము నిలుచు తీరును మార్చుటచేతనే సాధించెను.

అంతకంటె గమనింపఁదగిన దీతని మఱియొక సూత్రము. సమాహృతమై నడచు గుఱ్ఱమునకు రౌతు తన చేతిని దించి వాగెలను సడలింపవలెను. సడలించినపుడును గుఱ్ఱము తొందరపడక, ముందునకు వ్రాలక, ఆ రూపమునే నిలుపుకొనినచో శిక్ష సత్యము. ఇది బహుమానమును, బరీక్షయు నగుచున్నది. వియన్నానగరమునఁ గల స్పానిషు అశ్వశిక్షాశాల యీ గ్రంథమునే మూలముగా నంగీకరించినది. ఆశాల పేరు 1572 నుండి రాజపత్రములఁ గానవచ్చును. నేఁటికిని శిక్ష జరుగుచున్న భవనము 6వ చార్లెసుచక్రవర్తి కాలమున 1735 లోఁ బూర్తియయ్యెను. అచ్చట గుఱ్ఱము ముందుదేహము నెత్తి, వంగిన వెనుకకాళ్లమీఁద క్షణకాలము నిశ్చలముగా నిలుచు విన్యాసమును జూచినవారికి క్సెనొఫోను వర్ణనము స్ఫురింపకపోదు.

పందొమ్మిదవ శతాబ్దమున వివాదము బహిరంగముగాఁ జెలరేఁగెను. ఫ్రాన్స్వా బోషె యనునాతఁడు 1842 లో నూతనపద్ధతియని యొక గ్రంథమును బ్రకటించెను. గుఱ్ఱపు ప్రతిఘటన మంతయు దవడయందును మెడయందును గలదనియు, నిలిపియుంచియే వానిని వంచి మెత్తబఱచినచోఁ దక్కిన దేహము వశమగుననియు నీతని మతము. సర్కసులందు నీతఁడు ప్రదర్శించిన గుఱ్ఱముల నేర్పు పారిసును ముగ్ధము గావించెను. ఫ్రెంచిసేనవారు పద్ధతిని బరీక్షించిరి గాని యవలంబింపలేదు. బెర్లినునందు లూయీ సీగర్ 1852 లో దీనిని ఖండించుచు గ్రంథము వ్రాసెను. సీగరు శిష్యుఁడు గుస్టావ్ స్టైన్‌బ్రెహ్ట్, గుఱ్ఱమును ముందునకు నడుపుటయు, దానిని సూటిగాఁ జేయుటయు మొదటిపనులనియు, మెడను ముందుగా వంచుట వెనుకకాళ్ల శక్తిని జంపుటయే యనియు నుపపాదించెను. బోషెపట్ల న్యాయము తప్పరాదు. బరువు నంతయుఁ బిఱుదుమీఁదికిఁ ద్రోయవలెనని యీతఁడు చెప్పలేదు. నాలుగుకాళ్ల నడుమ సమముగా నిలుపుటయే యీతని కోరిక. 1855 లోఁ బైనుండి దీపపుగుత్తి పడి గాయపడిన పిమ్మట నీతఁడు తన పద్ధతిని మెత్తబఱచుకొనెను. చేయి పనిచేయునపుడు కాలును, కాలు పనిచేయునపుడు చేయియు నూరకుండవలె ననునది యీతని యుత్తరకాలసిద్ధాంతము. తన పూర్వమతమును దానే సవరించుకొనిన పండితుఁడు గౌరవార్హుఁడు. ఈతనియొద్దను, ఈతని ప్రతికక్షియైన దోర్ ప్రభువునొద్దను నభ్యసించిన లోట్ సేనాని, శాంతము, పురోగతి, ఋజుత్వము అను మూఁడింటి నాపౌర్వాపర్యముననే విధించెను; ఆతని గ్రంథము మరణానంతరము 1906 లో వెలువడెను. ఆ మూఁటియందు మెడవంపునకుఁ జోటు లేదు.

గురువు గ్రంథమున నున్నంతమాత్రమున నర్థము శిష్యుని చేతికి దిగదు. స్టైన్‌బ్రెహ్ట్ వ్రాయుచుండిన గ్రంథమును బూర్తిచేసి ప్రకటించినవాఁడు పౌల్ ప్లిన్స్‌నర్. ఈతఁడు జర్మనీచక్రవర్తియైన రెండవ విల్హెల్మునకు నశ్వశిక్షకుఁడు. చక్రవర్తి యెడమచేయి పుట్టుకతో వికలము. గుఱ్ఱ మొంటిచేతికి లొంగి యుండవలెను. ప్లిన్స్‌నర్ గుఱ్ఱముల మెడను మిక్కిలి క్రిందికి వంచి శిక్షించెను. అట్లు గురుగ్రంథమును బరిష్కరించినవాఁడే గురుమతమునుండి తొలఁగెను. ప్రయోజనము తొందరించినపుడు సూత్రము మఱుగుపడు ననుటకు నిది నిదర్శనము.

కన్ను మోసపోవు ననుటకు వేఱొక నిదర్శనము కలదు. పరుగెత్తు గుఱ్ఱము నాలుగుకాళ్లను ముందునకును వెనుకకును జాఁచియుండునట్లు చిత్రకారులు చిరకాలము చిత్రించిరి. 1878 లో కాలిఫోర్నియాయందు ఎడ్వర్డు మైబ్రిడ్జ్ వరుసగా నిలిపిన కెమెరాలతోఁ దీసిన ఛాయాచిత్రములు ఆరూపము మిథ్యయని తెలిపినవి. గుఱ్ఱపు కాళ్లు నేల విడిచి యుండునపుడు చాఁగియుండవు, పొట్టక్రింద ముడిచియుండును. నేలపై గిట్టలు మోపు బలమును గొలుచు యంత్రములు వచ్చినపిమ్మటఁ బూర్వగ్రంథముల మాటలును కొంత దిద్దుకొనవలసినవైనవి. సమాహృతమైన గుఱ్ఱము పిఱుదుమీఁదఁ గూర్చుండు నన్నది యుపచారోక్తి. ఎత్తుగా, మెల్లగా నడచు 'పాసాజ్' అను గతియందు వెనుకకాళ్ల భాగము పెరుగును గాని ముందుకాళ్ల భాగమే యింకను నధికము. గుఱ్ఱమునకు జత్రుకాస్థి లేదు. ముందుదేహము రెండు భుజపుటెముకల నడుమఁ గండరములచే నుయ్యెలవలె వ్రేలాడును. ముందుకాళ్లు నేలను దన్నుచు నాయుయ్యెలను బైకెత్తుటయు సమాహారమున నొక భాగమే. వెనుకకాలు ఎంతదూరము ముందునకు వచ్చె ననుటకంటె, బరువును మోయుచు నెంతసేపు వంగి నిలిచె ననుట ముఖ్యము. ఈ కొలతలు పూర్వుల లెక్కను దిద్దినవే కాని సిద్ధాంతమును ఖండింపలేదు. కళ్ళెమును లాగుటవలన నీపనులలో నేదియు జరుగదు.

భారతీయులకు నీవిద్య క్రొత్త గాదు. అమరసింహుఁడు గుఱ్ఱపు గతులను ధౌరితకము, వల్గితము మొదలుగా నైదింటిని బేర్కొనెను. 1909 లో మైసూరున శామశాస్త్రిగారు ముద్రింపించిన కౌటిలీయార్థశాస్త్రమునందు నశ్వాధ్యక్షప్రకరణము కలదు. అచ్చట స్వారిగుఱ్ఱమునకు వల్గనము, నీచైర్గతము, లంఘనము, ధోరణము, నారోష్ట్రము నని యైదుగతులు చెప్పఁబడినవి. వల్గనభేదములలో నొకటి త్రికచాలి. త్రికమనఁగాఁ బృష్ఠవంశపు టడుగుకొన. త్రికముతోఁ జలించునది త్రికచాలి. ఆ వల్గనమే తలయుఁ జెవులును గదలక శుద్ధముగా నుండఁ జేసినచో నీచైర్గత మగును. వెనుకదేహపు చలనమును, శిరస్సు నిశ్చలతయుఁ బ్రత్యేకముగా గుర్తింపఁబడుట గమనింపఁదగినది. అయినను ఇంతమాత్రమున ల గెరినియేర్ పద్ధతి యర్థశాస్త్రమునఁ గలదని చెప్పుట సాహసము. నామసామ్యముచే విషయసామ్యము సిద్ధింపదు. తెలుఁగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును రచించెను. ఆ పేరిటిలోని లక్షణశబ్దము గుఱ్ఱముతోఁ బుట్టిన గురుతులను దెలుపును. మెడవంపు శిక్షచేఁ గలిగిన లక్షణము. మొదటిది చూచి తెలిసికొనఁదగినది. రెండవది కారణమును విచారించి తెలిసికొనఁదగినది.

తప్పు యీవఱకును నిలిచియుండుటకుఁ గారణము కాలమే. మెడను వంచుట యొకనాఁటిపని. వెనుకకాళ్లకు బలము కూర్చుట కేండ్లు పట్టును. వియన్నాశాలయం దొక గుఱ్ఱము పూర్ణశిక్షితము గావలెనన్న సుమారు ఆఱేండ్లు కావలెను. 1912 లో స్టాక్‌హోమునందు అశ్వశిక్షాస్పర్ధ ఒలింపిక్‌క్రీడలఁ జేరెను. 1921 లో నంతర్జాతీయాశ్వక్రీడాసంఘ మేర్పడెను. దాని నియమములు చెవులనడిమి నెత్తియే యున్నతస్థానముగా నుండవలెననియు, మోము నిలువుగీఁతకు నించుక ముందుగానే యుండవలెననియు విధించుచున్నవి. అయినను స్పర్ధలయందు మోమును ఱొమ్మునకుఁ దగులునట్లు వంచి నడిపించు వాడుక ప్రబలెను. విమర్శ పెరుగఁగా, ఆసంఘము 2010 ఫిబ్రవరిలో లోజాన్ నగరమున విచారణ జరిపి, బలప్రయోగముచే మెడను అతిగా వంచుట యనంగీకార్యమని ప్రకటించెను. క్రీస్తునకుఁ బూర్వము 4వ శతాబ్దపు హెచ్చరికనే క్రీస్తు తరువాత 21వ శతాబ్దమున నొక సంఘము తీర్మానముగాఁ జేయవలసివచ్చెను.

నిమిత్తము తొలఁగినచో నైమిత్తికము నిలువదని వైయాకరణుల న్యాయము. మెడవంపునకు రౌతుచేయి నిమిత్తమైనచోఁ జేయి సడలినక్షణముననే యావంపు తొలఁగును. వెనుకకాళ్ల బలము నిమిత్తమైనచోఁ జేయి సడలినను వంపు నిలుచును. ల గెరినియేర్ వాగెలను సడలింపు మని చెప్పినదానికి మూల మీ న్యాయమే. ఇన్నిశతాబ్దముల వాదమును దీర్చుటకు సభలును గ్రంథములును వలసినవి గాని, గుఱ్ఱమునడుగుటకు వ్రేళ్లను గొంచెము తెఱచినఁ జాలును. తెఱచిన క్షణమున గుఱ్ఱ మిచ్చు నుత్తరమే ప్రమాణము.